మామిడికాయకి చెయ్యి ఎక్కడిది?

నూజివీడు,
ఫిబ్రవరి 11

కిషోర్ బావకి,

నీ నంబరు నా ఫోన్లో బ్లాక్ చేసి ఉంది. తీసే ఉద్దేశం లేదు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు. నీ గొంతు బాగుంటుంది, నేను మెత్తబడిపోతాను. చర్చి క్వయిర్‌లో పాడుకునే రోజుల నుంచీ ఇదే వరస. కాగితం మీద అయితే నేను ముగించేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండాలి.

నిన్న మా బాపులపాడు స్కూలు స్టాఫ్ రూములో పీఈటీ మాస్టారు నీ ఇంటర్వ్యూ పెట్టాడు. నువ్వు నా మేనమామ కొడుకువని అక్కడ అందరికీ తెలుసు. "మీ బావగారు ఏం చెప్పారో చూశారా టీచర్" అంటూ ఫోను నా ముందుకు తోశాడు. నల్ల చొక్కా, మణికట్టుకి తోలు పట్టీలు, ఒళ్ళో గిటారు. ‘పొట్లం’ పాటలో చీకటి గది ఏంటి, ఆ పొట్లంలో ఏముంది అని యాంకరమ్మ అడిగింది. నువ్వు కళ్ళు దించుకుని, "అది నా జీవితంలో చీకటి రోజులండీ. మత్తు నుంచి బయటపడటానికి నేను పడ్డ పాట్లు" అన్నావు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

జ్వరం మాత్ర మింగమంటే ఇంటిల్లిపాదినీ ఏడిపించేవాడివి. నీకు మత్తేంటి బావా?

ఆ పాట నేను రాశాను. పేరు వేయలేదని ఎన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. మీ ‘తొడిమ’ బ్యాండు పాటలన్నిటి కింద నీ పేరే ఉంచుకో. కానీ ఈ పాటకు అర్థం చెప్పే హక్కు నీకు లేదు. చెప్పింది తప్పని నలుగురిలో ఒప్పుకో. ఒప్పుకోకపోతే ఏం చేస్తానో ఇంకా అనుకోలేదు గానీ, చేసి తీరతాను.

రేచల్ అక్క బాగానే ఉంది. నువ్వు అడగవని తెలిసే రాస్తున్నాను.

దయామణి


హైదరాబాద్,
ఫిబ్రవరి 22

దయా,

ఇంత కోపంతో కూడా నీ దస్తూరి చెక్కు చెదరదు. చదువుతుంటే హోంవర్క్ చేయని పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చోవాలనిపించింది.

ఒక్క మాట వినిపించుకో. రాక్ పాటకి ఒకటే అర్థం ఉంటే అది ప్రకటన అవుతుంది, పాట కాదు. ‘పొట్లం’ ఎందుకు ఇంత దూరం వెళ్ళిందో తెలుసా? ఎవడి గది వాడికి కనిపిస్తుంది కాబట్టి. వరంగల్‌లో ఒక కుర్రాడు అది తన హాస్టల్ గురించే అన్నాడు. వైజాగ్‌లో ఒకాయన లాకప్పు గురించి అన్నాడు. ఒకమ్మాయి ఏకంగా ఆసుపత్రి వార్డు అని మూడు పేజీలు రాసి పంపింది. నేను ఎవరినీ కాదనలేదు. ఆ యాంకర్ మత్తు అనుకుని వచ్చింది, నేను సరేనన్నాను. అందులో పోయిందేముంది?

మన ఊళ్ళో వాళ్ళకైతే అసలు అనుమానమే లేదు. చీకటి గది, గడ్డి, వరసగా పడుకోబెట్టడం, పొట్లం. కార్బైడ్ పెట్టి కాయని బలవంతాన మగ్గబెడుతుంటే, ఆ కాయే ఏడుస్తూ పాడుతున్న పాట అని వాళ్ళ లెక్క. రైతుల సంఘం వాళ్ళు మే నెలాఖరున నూజివీడు మైదానంలో మామిడి పండగ చేస్తున్నారు. కార్బైడ్ వద్దని చెప్పే పాట కదా, మీరే వచ్చి పాడాలని మమ్మల్ని పిలిచారు. ముఖ్య అతిథి మా నాన్న. చర్చి సంఘ పెద్ద, పాత మామిడి వ్యాపారి, ఇంకెవరిని పిలుస్తారు చెప్పు.

నువ్వు కూడా రా. స్టేజి మీదకి పిలిచి, రాసింది నా మరదలేనని అందరి ముందూ చెప్తాను. ఇక కోపం వదిలెయ్.

నీ బావ,
కిషోర్


నూజివీడు,
మార్చి 4

బావా,

నేను పిల్లలకి తెలుగు చెప్పుకుని బతికేదాన్ని. పరీక్షలో సందర్భ సహిత వ్యాఖ్య అని ఒకటి అడుగుతాం, మర్చిపోయి ఉండవు. వాక్యం ఇస్తాం. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయాలి. ఎన్ని అర్థాలైనా ఉండొచ్చు అని రాసి వస్తే సున్నా వేస్తాం. నీ పాటలోంచే నాలుగు వాక్యాలు ఇస్తున్నాను చూడు.

*పైన పసుపు, లోన పులుపు
ఎవరడిగారు ఈ రంగు
చెయ్యి తడిగా ఉంది నాన్నా
పొట్లం చేతికివ్వకు*

మన వాళ్ళంతా కాయ ఏడుస్తోందని అనుకుంటున్నారన్నావు. అనుకుంటారు. మామిడి మీద బతికే ఊరు. గడ్డి పరిచారంటే చాలు, దాని మీద కాయే కనిపిస్తుంది. ఆ గడ్డి పరిచిన మనిషి ఎవరికీ కనిపించదు. మామిడికాయకి చెయ్యి ఎక్కడిది బావా? ఇంత ఊళ్ళో ఒక్కరూ ఈ మాట అడగలేదు.

సందర్భం చెప్తాను, రాసుకో. మీ నాన్న గోడౌన్. మే నెల, రసాలు దిగే రోజులు. రేచల్ అక్క ఇంటర్ రాసి ఖాళీగా ఉంది, కాయలు కడగడానికి వెళ్ళింది. సాయంత్రం లారీ ఎక్కాలి, పొట్లాలు కట్టే మనిషి రాలేదు. మీ నాన్న కార్బైడ్ డబ్బా తెచ్చి అక్క ముందు పెట్టాడు. "చేతులు తడిగా ఉన్నాయి మావయ్యా" అంది అక్క. "ఏం కాదులేవే, కానీ" అన్నాడు. తడి తగిలి అది చేతిలోనే బుసబుసమని పొంగింది. అక్క విదిలించింది. మొహం మీదకి చిమ్మింది. కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి దగ్గరి వస్తువులు తప్ప ఆనవు.

అప్పటికే కార్బైడ్ నిషేధం. డాక్టరు ముందు ఆ పేరు చెప్తే గోడౌన్‌కి తాళం పడుతుంది. విజయవాడ దాకా కార్లో మీ నాన్న అక్క పక్కనే కూర్చున్నాడు. కన్ను కాలిపోతున్న పిల్లకి దారి పొడుగునా పాఠం నేర్పాడు. "చర్చికి సున్నం వేస్తుంటే పడిందని చెప్పు తల్లీ, సున్నం అని చెప్పు." అక్క అలాగే చెప్పింది. ఆ ఆదివారం మీ నాన్న చర్చిలో లేచి, దేవుడి పనిలో కన్ను పోగొట్టుకున్న బిడ్డ కోసం ప్రార్థన చేయించాడు. అందరూ ఏడ్చారు. మా నాన్న ఆ గోడౌన్‌లో గుమస్తా. తల వంచుకుని ఆమెన్ అన్నాడు. అమ్మకి తన అన్న మాటే వేదవాక్కు. వాళ్ళిద్దరూ పోయారు, ఇప్పుడు నాకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

నేను రాసింది ‘చెయ్యి తడిగా ఉంది మావయ్యా’ అని. ఎవరు ఎవరితో అన్నారో ఆ ఒక్క మాటలో ఉంది. నువ్వు దాన్ని ‘నాన్నా’ చేశావు. ట్యూన్‌కి కుదరలేదని అప్పుడు చెప్పావు, నేను నమ్మాను.

మీ నాన్న కొడుకు నోటితోనే ఊరూరా ఈ పాట వినిపించాలని నీకిచ్చాను. ఆయన చెవిన పడాలి, ఆయన పక్కన కూర్చున్న వాళ్ళ చెవిన పడాలి. నాకు స్టేజీ వద్దు, నా పేరూ వద్దు. మే నెలలో ఆ మైదానంలో, మీ నాన్న ముందు వరసలో కూర్చుని ఉండగా, నేను రాసిన మాట నేను రాసినట్టు పాడు.

దయామణి


హైదరాబాద్,
మార్చి 19

దయా,

నీ ఉత్తరం గిటారు పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక నాటకం ఆడను. నువ్వు పాట ఇచ్చిన రోజు బస్సులో చదివాను. మైలవరం దాటకముందే అర్థమైంది. గోడౌన్ సంగతి అంతకు ముందే నాన్న నాకు చెప్పాడు.

‘మావయ్యా’ అని నేనెలా పాడను? ఆయన నాకు మావయ్య కాదు. నేను ఆయన్ని ఏమని పిలుస్తానో అదే పెట్టాను. ఏ స్టేజి మీద పాడినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఆయనే కనిపిస్తాడు. జనం నా గొంతులో వణుకు విని గొప్పగా పాడాడంటారు. అది పాడటం కాదు దయా, నాకు నిజంగానే వణుకు వస్తుంది.

మత్తు అని ఎందుకు చెప్పానంటే, నా మీద పడితే పడనీ అని. నాన్న మీదకి ఎవరి చూపూ వెళ్ళకూడదని. ఏ అర్థం చెప్పినా తలూపింది అందుకే. నువ్వు పిరికితనం అంటావు. కొడుకుని, ఇంకేం చేయమంటావు?

పొడి చిమ్మడం ప్రమాదం, అది నువ్వూ ఒప్పుకోవాలి. అబద్ధం మాత్రం ఆయన కావాలనే చెప్పాడు. దానికి ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. గుండెకి ఆపరేషన్ అయిన మనిషి. ఊరంతా చూస్తుండగా అలాంటి దెబ్బ తగిలితే తట్టుకోలేడు.

అయినా నువ్వు రేచల్‌ని అడిగావా? ఆమెకి ఇదంతా కావాలా?

కిషోర్


నూజివీడు,
మార్చి 27

కిషోర్ బాబు గారికి,

మీ నాన్న గుండె సంగతి రాశారు. ఊళ్ళో ఒక కన్ను సంగతి కూడా ఉంది. దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కైనా ఉంటుందేమోనని రెండుసార్లు చదివాను.

మీరు పాడే ‘నాన్నా’లో మీ నాన్న ఉన్నాడని మీకొక్కరికే తెలిస్తే దాన్ని పాట అనరు, ప్రార్థన అంటారు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని చేసుకోండి. పదివేల మంది ముందు వణికి, చప్పట్లు కొట్టించుకుని, అది పశ్చాత్తాపమని నాకు ఉత్తరం రాయకండి. వినేవాళ్ళకి అందని నిజం నాకెందుకండీ? ఎన్ని అర్థాలుంటే అంత గొప్ప పాటని మీరంటారు. మీ ఇంట్లో వాళ్ళకి ఆ సౌకర్యం బాగా పనికొచ్చింది.

ప్రమాదం అన్నారు. గోడౌన్‌లో జరిగింది ప్రమాదమే అనుకుందాం. కార్లో జరిగింది?

అక్కని అడగలేదు. అడిగితే వద్దంటుంది. రేడియోలో ఆ పాట వస్తే లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుతుంది. ఇంతకాలం ఆమె మంచితనం మీదే మీ ఇంటి గోడలు నిలబడ్డాయి. నాకు ఆ మంచితనం లేదు. దేవుడు పంచేటప్పుడు మొత్తం ఆమెకే ఇచ్చినట్టున్నాడు. నాకు కావలసింది మీ నాన్న మొహం రంగు మారడం. అది అందరూ చూడాలి. దీన్ని కక్ష అంటారని నాకు తెలుసు, నేనూ అదే అంటున్నాను.

మీరు మే నెలలో నా మాట నాలా పాడకపోతే, ఆ తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు నా వంతు అడిగి తీసుకుంటాను. పాట కూడా పాడను. మామూలు మాటల్లో చెప్తాను. మీ నాన్న ఎప్పటిలా ముందు బెంచీలోనే ఉంటాడు కదా.

దయామణి


హైదరాబాద్,
ఏప్రిల్ 9

దయా,

పాడతాను. ‘మావయ్యా’ అనే పాడతాను. చర్చిలో నువ్వు లేచి నిలబడటం కంటే, నా నోటితో అనడమే ఆయనకి కాస్త నయం.

గార్లు తీసెయ్. చదవలేకపోతున్నాను.

కిషోర్


నూజివీడు,
మే 16

బావా,

సరే, గార్లు తీసేశాను. ఈ ‘బావా’ పని అయ్యేదాకా అరువు అనుకో.

నేను రాను. ఆ రోజుల్లో నాకు చింతలపూడిలో ట్రైనింగ్ వేశారు. వేయకపోయినా వచ్చేదాన్ని కాదు. అక్క క్వయిర్ వాళ్ళతో వస్తుంది. మీ కార్యక్రమం మొదట్లో వాళ్ళ చేత ఒక స్తుతిగీతం పాడిస్తున్నారట. ఆమెకి నేనేమీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఆ వాక్యం దగ్గర డ్రమ్స్ ఆపించు. గిటారు కూడా వద్దు. వట్టి గొంతు. పాడేటప్పుడు కళ్ళు మూసుకోకు, ఆయన్నే చూడు. నాకు ఎలా ఉందో తెలుసా? పరీక్ష బాగా రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఇన్నేళ్ళలో ఇంత సంతోషంగా లేను. సిగ్గుపడాలేమో, పడటం లేదు.

దయ


నూజివీడు,
మే 29

దయా,

ఈ ఉత్తరం అందేలోపే నీకు ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారు. అయినా నేను చూసింది నేను రాయాలి.

మైదానం నిండిపోయింది. తోటల వాళ్ళు, గోడౌన్లలో పనిచేసే ఆడవాళ్ళు, బుట్టలల్లే వాళ్ళు, పిల్లలు. నాన్న ముందు వరసలో తెల్ల చొక్కాతో కూర్చున్నాడు. నువ్వు చెప్పినట్టే డ్రమ్స్ ఆపించాను. గిటారు తీగల మీద అరచెయ్యి పెట్టాను. ఆయన్నే చూశాను. ‘చెయ్యి తడిగా ఉంది’ దాకా వచ్చాను. ఆయన నా వైపు చూసి, చిన్నప్పుడు స్కూలు వార్షికోత్సవంలో చూసినట్టు, కానీ కానీ అని తలూపాడు. నా నోట్లోంచి ‘నాన్నా’ అనే వచ్చింది. నన్ను ఏమన్నా అను, పడతాను.

పాట అయ్యాక రైతుల సంఘం వాళ్ళు ఆయన్ని స్టేజి మీదకి పిలిచారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకున్నాడు. "మావాడి పాటకి హైదరాబాద్‌లో ఏవేవో అర్థాలు చెప్తున్నారంట. అదేం లేదండీ. ఇది మన మామిడికాయ పాట. నా గోడౌన్లో కార్బైడ్ అనేది ఏనాడూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. అది చూసి పెరిగినోడు కాబట్టే ఇంత బాగా రాశాడు" అన్నాడు. రైతులు చప్పట్లు కొట్టారు. గోడౌన్ ఆడవాళ్ళు కూర్చున్న వైపు మాత్రం చప్పట్లు లేవు. వాళ్ళలో పుష్పవతి తల దించుకుని చీర కొంగు మెలిపెడుతోంది. ఆ రోజు రేచల్ మొహం మీద నీళ్ళు కొట్టింది ఆవిడేనని నాకు తెలుసు.

క్వయిర్ వాళ్ళు స్టేజికి ఒక పక్కన ఉన్నారు. వాళ్ళ మైకు ఇంకా ఆపలేదు. రేచల్ లేచింది. నల్ల కళ్ళద్దాలు తీసేసింది. పక్కనున్న షాలోమి చెయ్యి పట్టుకుని ఆపబోతే మెల్లగా విడిపించుకుంది. గొంతు ఏమాత్రం పెంచలేదు. ఇంట్లో మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు అడిగింది.

"అయితే మావయ్యా, ఆ రోజు నా తడి చేతిలో పెట్టిందేంటండీ?"

నాన్న ముందు నవ్వాడు. తర్వాత మైకు మీద వేలితో కొట్టి, "సౌండ్ వస్తుందా" అని అడిగాడు. వస్తోంది. ఆయన వేలి చప్పుడు మైదానం చివర దాకా వినిపించింది. రేచల్ కూర్చోలేదు, అలాగే నిలబడింది. అప్పుడు పుష్పవతి లేచి నిలబడింది. ఆ తర్వాత ఆవిడ చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంతమంది లేచారు. నాన్న నా వైపు తిరిగి, "పాట ఎత్తుకోరా" అన్నాడు.

నేను ఎత్తుకోలేదు దయా. నేను చేసింది అదొక్కటే. గిటారు కింద పెట్టేశాను.

ఆయన మొహం రంగు మారిందా అని అడుగుతావు. మారింది. అందరూ చూశారు. ఇప్పుడు నీకు ఎలా ఉందో నాకు రాయి, ఎందుకంటే నాకు ఎలా ఉందో నాకే తెలియడం లేదు.

ఇంటికొచ్చాక నాన్న అన్నం ముట్టలేదు. పొద్దున నన్ను పిలిచి, మీ ఇంటికి వస్తానన్నాడు. పాస్టర్ గారిని వెంటబెట్టుకుని, తలుపు వేసుకుని, మన కుటుంబం వరకే కూర్చుని, రేచల్‌కి చెప్పాల్సింది చెప్పి ప్రార్థన చేసుకుందామంటున్నాడు. ఒప్పుకోండి. పెద్దవాడు, మీ గుమ్మం ఎక్కుతానంటున్నాడు.

కిషోర్


నూజివీడు,
జూన్ 2

బావా,

ఎలా ఉందో రాయమన్నావు. ఇలా ఉంది. చింతలపూడిలో ఉండగా మా స్కూలు రేవతి టీచర్ ఫోన్ చేసి చెప్పగానే ట్రైనింగ్ హాల్లోంచి బయటికి వచ్చి గట్టిగా నవ్వాను. తర్వాత ఏడ్చాను. నేను పాట రాసి, నీకిచ్చి, నిన్ను బెదిరించి, ఏళ్ళ తరబడి పన్నిన దాన్ని అక్క ఒక్క ప్రశ్నతో దాటేసింది. ఆమె తరఫున కోపం తెచ్చుకునే పని నాదేనని అనుకున్నాను. ఆమె కోపం ఆమె దగ్గరే ఉందట. ఎవరూ అడగలేదు కాబట్టి చూపించలేదట.

నువ్వు పిరికివాడివే. కానీ గిటారు కింద పెట్టావు. దాన్ని నీ ఖాతాలో వేస్తున్నాను, అంతకు మించి ఏమీ వేయను.

ఇంటికొచ్చేసరికి అక్క ఆవకాయ ముక్కలు తుడుస్తోంది. నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను, మీ నాన్న వస్తానన్న సంగతితో సహా. పాస్టర్ గారు, తలుపు వేసుకోవడం, మన కుటుంబం వరకే, అన్నీ చదివాను. అక్క ముక్కలు తుడవడం ఆపలేదు. నేనైతే గుమ్మంలోంచే తరిమేద్దామని నడుం కట్టుకుని ఉన్నాను. ఆమె ఏమంటుందో, పోనీలే రానీ అంటుందేమోనని నాకు భయం కూడా వేసింది.

"మావయ్యని రావద్దనకు. పెద్దాయన. వస్తే కాఫీ ఇద్దాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఇంతేనా అక్కా" అన్నాను.

"ఇంతే. జవాబు మాత్రం ఇక్కడ కాదు. నేను అడిగింది మైకులో కదే. మైకులోనే చెప్పమను."

మైకు అతనితో మాట్లాడాను. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట, రోడ్డు వైపు తిప్పి పెడతాడు. గోడౌన్ ఆడవాళ్ళందరికీ పుష్పవతి కబురు పెట్టింది. మీ నాన్నని నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకురా. ఆయన చెప్పాల్సింది ఒక్క మాట. దానికి అర్థం ఎవరూ అడగరు.

దయామణి